ఈ చెయ్యి ఎవరిది?

మిట్టమధ్యాహ్నం!... నడినెత్తిన నిప్పులు చెరగవలసిన సూర్యుడు కారుమేఘాల చాటున కనుమరుగయ్యాడు. దిక్కులన్నీ నల్లబడ్డాయి. గాలి స్తంభించింది... ఆకు కదలదు, చినుకు రాలదు, ఎక్కడో భూగర్భంలోంచి వస్తున్నట్టు ఉరుము మాత్రం గుడగుడమంటోంది. వీధి మలుపులో కరెంటు స్తంభం మీద ఒక గుడ్లగూబ కూర్చుని పట్టపగలు కూస్తోంది! ఆగి, ఆగి, మళ్ళీ కూస్తోంది! కింద పండ్ల బండివాడు తలెత్తి చూశాడు. "దీనికి టైము కూడా తెలీదా ఏంటి?" అని గొణుక్కుంటూ బండి తోసుకుపోయాడు.

స్తంభానికి ఎదురుగా ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం ఉంది. లోపల బల్ల మీద అద్దం పరిచి, స్కేలు ఆనించి, వజ్రపు ములుకున్న కోతపనిముట్టుతో గీత గీస్తోంది ఒకావిడ. వీధిలో అందరూ ఆమెను అద్దాలమ్మ అంటారు. పేరు విని ఏ అమ్మవారో అనుకునేరు! అద్దాలు కోస్తుంది కాబట్టి అద్దాలమ్మ, అంతే. గీత గీశాక అంచు రెండు చేతులా పట్టుకుని టక్కున విరవాలి. విరిచింది. విరిగిన అంచు ఆమె చూపుడు వేలిని కోసుకుంటూ పోయింది. నెత్తురు అద్దం మీదుగా పారి, బల్ల చివరిదాకా వచ్చి, బొట్టు బొట్టుగా నేల మీద పడుతోంది... ఆమె మాత్రం రెండో గీత గీస్తూనే ఉంది.

"అయ్యో అయ్యో! రక్తమమ్మా! చూసుకోవేం?" దుకాణం ఓనరు కుర్చీ తన్నేసి మరీ లేచాడు.

ఆమె వేలి వంక చూసింది. పక్కింటి గోడకి చెమ్మ దిగితే చూసినట్టు చూసింది. "అవునండీ. మన వేలు తెగింది," అంది.

"మన వేలేంటి తల్లీ? నా వేళ్ళు నాకు భేషుగ్గా ఉన్నాయి. తెగింది నీ వేలు!" గుడ్డపీలిక చింపి కట్టు కట్టాడు. "నొప్పి లేదా?"

"ఎక్కడో ఉండే ఉంటుందండీ. ఇక్కడ లేదు."

ఓనరు పెద్దగా భయపడే రకం కాదు. చచ్చిపోయినవాళ్ళ ఫోటోలకు రోజూ ఫ్రేములు కట్టే మనిషి, ఏడ్చే జనాన్ని చూసీ చూసీ గుండె రాయి చేసుకున్నాడు. అలాంటివాడు ఆ మాటకి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇవాళ్టికి చాలు, ఇంటికి వెళ్ళమ్మా," అన్నాడు. అద్దాలమ్మ సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చింది. కాళ్ళు ఇంటివైపు కాకుండా ఇంకోవైపు నడిచాయి. ఆమె అభ్యంతరం చెప్పలేదు.

ఆమె పుట్టుకతో ఇలాంటి మనిషి కాదు. వీధి కుళాయి దగ్గర ఆమె నవ్వితే నాలుగిళ్ళ అవతలికి వినపడేది. ఆమె భర్త లారీ డ్రైవరు. నిరుడు కొండదారిలో లారీ అదుపు తప్పి లోయలో పడింది. అతని ఫోటోకి అద్దం ఆమే కోసింది, ఫ్రేము ఆమే బిగించింది. ఓనరు వద్దంటున్నా వినలేదు. ఆ రోజు ఏడుపు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. గుండెల్లో ఒక బండరాయి మాత్రం దిగబడింది. పడుకుంటే అది మీద కూర్చునేది, లేస్తే దాన్ని మోసుకు తిరిగేది. కంటిమీద కునుకు పోయింది.

సరిగ్గా అలాంటి రోజుల్లో దుకాణానికి ఒకతను వచ్చాడు. మాంత్రికుడంటే జడలు కట్టిన జుట్టు, చింతనిప్పుల్లాంటి కళ్ళు, మెడలో ఎముకల దండ ఉండాలనుకుంటాం. ఉంటే ఎంత బాగుండేది! ఆమడ దూరం నుంచే గుర్తుపట్టి పారిపోవచ్చు. ఇతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, బ్యాంకులో మేనేజరులా ఉన్నాడు. చేతిలో తెల్లగుడ్డ చుట్టిన గుండ్రటి వస్తువొకటి ఉంది.

"దీనికి గాజుపెట్టె చెయ్యాలి. గాలి కూడా దూరకూడదు," అన్నాడు.

"లోపల ఏముందండీ?" టేపు తీస్తూ అడిగింది అద్దాలమ్మ.

"మా గురువుగారు," అని నవ్వాడు.

ఏ విగ్రహమో కాబోలు అనుకుని ఆమె గుడ్డ మీదనుంచే కొలతలు తీసుకుంది. టేపు చుడుతున్నప్పుడు వేళ్ళకి రెండు గుంటలు తగిలాయి... లోతుగా, చల్లగా!... ఆమె చెయ్యి చప్పున వెనక్కి లాక్కుంది. అతను ఆ చేతినే చూస్తూ, తేనె పూసిన గొంతుతో అన్నాడు. "మనకి నిద్ర పట్టడం లేదు కదూ?"

మీకు అనలేదు, నీకు అనలేదు. మనకి అన్నాడు. ఇన్నాళ్ళుగా ఒంటరిగా మోస్తున్న బరువుకి ఇంకెవరో చెయ్యి వేసినట్టయింది ఆమెకి. టైర్ల కొట్టు పైన మేడగదిలో ధ్యానం నేర్పుతానని, మధ్యాహ్నం భోజనాల వేళ వస్తే చాలని చెప్పి వెళ్ళాడు. ఆ చుట్టుపక్కల అతన్ని అందరూ ధ్యానం మాస్టారు అనేవారు.

మొదటి పాఠం నిజమైనది. ఇది మాత్రం ఒప్పుకుని తీరాలి.

"వెన్ను నిటారుగా పెట్టు, తల్లీ. కళ్ళు మూసుకో. శ్వాస వస్తోంది, చూడు. పోతోంది, చూడు. మధ్యలో ఏదో ఆలోచన వస్తుంది. దాన్ని తోలకు, పిలవకు. ఊరికే చూడు. చూస్తుంటే ఏదీ ఎక్కువసేపు నిలవదు."

ఆమె చూసింది. శ్వాస వచ్చింది, పోయింది. లారీ వచ్చింది, లోయ వచ్చింది. ఫోటోలో ఆయన చొక్కా బొత్తం ఊడి ఉండటం వచ్చింది. తోలలేదు, పిలవలేదు. ఎంతసేపటికో బండరాయి అంచున చిన్న నెర్రె విచ్చినట్టయి కంట్లో ఒక్క చుక్క ఊరింది. ఆ పూట ఇంటికెళ్ళి, చాప కూడా పరుచుకోకుండా నేలమీదే ఆదమరిచి నిద్రపోయింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు! ఎర నిజం కాకపోతే చేప కొరకదని వాడికి తెలుసు. రెండోసారి వెళ్ళినప్పుడు మాస్టారు ఆమె ఎదురుగా కూర్చుని మెల్లగా అడిగాడు. "ఈ బాధ ఎవరిది?"

"నాది."

"నాది అనేదే అహంకారం తల్లీ. అదే ముడి. నాది అన్నంతకాలం అది నిన్ను వదలదు. మనది అను."

సబబుగానే ఉంది కదా! పెద్దలందరూ చెప్పేదీ అదే కదా, నేను నాది అనేవి వదలమని! ఆమె "మనది" అంది. అన్న మరుక్షణం గుండెల్లో రాయి మాయమైంది... ఎవరో చేత్తో ఎత్తి అవతల పెట్టినట్టు! ఆ తేలికదనానికి ఆమెకి కళ్ళు తిరిగాయి. ఎదుటివాడి కళ్ళలో అదే క్షణాన ఒక ఎర్రటి జీర మెరిసి మాయమైంది. కళ్ళు మూసుకున్నవాళ్ళకి అది కనపడదు.

ఆ తర్వాత రోజుకొకటి. ఈ చెయ్యి ఎవరిది? మనది. ఈ కాలు? మనది. ఈ నాలుక మీది రుచి, ఈ నవ్వు, ఈ భయం ఎవరివి? మనవి, మనవి, మనవి... ఇచ్చిందల్లా ఆమెలో మొద్దుబారింది. అన్నంలో ఉప్పుందో లేదో తెలియలేదు. పొయ్యి మీది గిన్నె ఒట్టి చేత్తో దించితే చర్మం పొంగింది, అదీ తెలియలేదు. నోటిని మాత్రం వాడు అడగలేదు. దానికో కారణముంది, అది ముందు ముందు బయటపడుతుంది.

ఆ గదిలో ఆమెకంటే పాత శిష్యుడు ఒకాయన ఉండేవాడు, రిటైరైన పోస్టుమాస్టరు. ఎప్పుడు వెళ్ళినా గోడవారగా పద్మాసనంలో ఉండేవాడు. కళ్ళు తెరిచే ఉండేవి. ఒకరోజు ఒక ఈగ వచ్చి ఆయన కంటిపాప మీద వాలింది. ఆ చివరినుంచి ఈ చివరికి తీరిగ్గా నడిచింది... ఆయన రెప్ప వేయలేదు!

"ఎంత ఎదిగారో చూశావా?" అన్నాడు ధ్యానం మాస్టారు మురిపెంగా. అద్దాలమ్మ చూసింది. ఒళ్ళు జలదరించవలసిన చోట ఆమెకేమీ జరగలేదు.

ఇంట్లో అత్తగారికి మాత్రం ఒళ్ళు మండిపోతోంది. ఆవిడది పెద్ద నోరు, కొడుకు పోయాక ఇంకాస్త పెద్దదైంది. ఏడవటానికి బదులు తిట్టడం అలవాటు చేసుకుంది పాపం. కోడలు మొద్దులా తిరుగుతుంటే కోపమే వచ్చేది, ఆ కోపం కింద దిగులు పొగలేసేది. ఆ మధ్య కరెంటు మీటరు చూసేవాడు వచ్చి ఎవరిల్లమ్మా ఇది అని అడిగితే, అద్దాలమ్మ గడపలో నిలబడి "మన ఇల్లే," అంది.

"అయితే నా గది ఏదండీ? సామాన్లు తెచ్చుకుంటా," అని వాడు ఇకిలించాడు.

అత్తగారు గరిటె పుచ్చుకునే బయటికొచ్చింది. "రీడింగు రాసుకుని పోవయ్యా, గదట గది!" అని వాణ్ణి సాగనంపి, కోడలి మీద పడింది. "ఏమే, నీకు మతిగానీ పోయిందా? పరాయివాడి ముందు మన ఇల్లంటావేంటి? మన అన్నావంటే వినేవాడికీ వాటా రాసిచ్చినట్టే! మా ఇల్లు అనాలి. మా అన్నాక వినేవాడు గడప బయటే. నీకు మాటలు కూడా నేను నేర్పాలా?"

"సరే అత్తయ్యా," అంది కోడలు. ఆమె గొంతులో విసుగైనా లేదు, అత్తగారిని భయపెట్టింది అదే.

కూతురు పిచ్చుక వచ్చి, గడపలో కూర్చున్న తల్లి ఒళ్ళోకెక్కింది. ఈ ఇంటికి మిగిలిన ఒకే ఒక్క సందడి ఆ పిల్ల. అక్షరాలు దిద్దే వయసు, గుప్పెడంత ఒళ్ళు, రోజంతా కిచకిచలు, అందుకే పిచ్చుక. అమ్మ పలకటం లేదని మోచెయ్యి కొరికింది. మొదట ఆటగా, తర్వాత గట్టిగా, పళ్ళు దిగేలా. అమ్మ కదలలేదు. పిల్ల నోరు తెరిచి పంటిగాట్లు చూసింది, అమ్మ మొహం చూసింది. "నానమ్మా, అమ్మ లోపల లేదు!" అని గుక్కపట్టి ఏడ్చింది.

వేలు తెగిన రోజున అద్దాలమ్మ కాళ్ళు నడిచింది ఆ మేడగదికే. పాఠం వేళకి ఇంకా కాస్త ముందే. మెట్ల మీద చీకటి చిక్కగా పేరుకుంది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఒక దీపం... నల్లటి పొగ... మాడిన వెంట్రుకల వాసన! దీపం వెనక ఆమె చేసిన గాజుపెట్టె ఉంది. తెల్లగుడ్డ తీసేశారు. పెట్టెలోంచి ఒక కపాలం ఇకిలిస్తోంది! పాత ఏనుగుదంతంలా పసుపెక్కిన నుదురు, అడుగు కనపడని కళ్ళగుంటలు!

ధ్యానం మాస్టారు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని బుసలు కొడుతున్నాడు. "ముసలాడా! మొదటి పాఠం చెప్పి, రెండోది నీకింకా తగదు పొమ్మన్నావు! ఏమైంది? నీ పీక నా చేతుల్లో నలిగింది, నీ పుర్రె నా పూజలో కూర్చుంది! నీ పాఠం లేకుండానే ఇంతమందిని తాగాను. రేపు మిట్టమధ్యాహ్నం ఒక పసిప్రాణం! కన్నతల్లి తన సొంత నోటితో 'మన పాప' అని ఇస్తుంది. ఒక్కసారి ఇస్తే చాలు, ఆ పిల్ల ఆయువంతా నాది! ఇంక నాకు చావు లేదు... చావే లేదు! హహహ్హ!..." ఉరుము ఫెళ్ళుమంది. గాజు కంపించింది.

గుమ్మంలో నీడ చూసి వాడు తల తిప్పాడు. కంగారు పడలేదు. "విన్నావా తల్లీ? భయమేస్తోందా?"

అద్దాలమ్మ తనలోకి వెతుక్కుంది. పెట్టినచోట లేని వస్తువు కోసం తడుముకున్నట్టు తడుముకుంది. "లేదండీ," అంది.

"ఎలా వేస్తుంది? నీ భయం నా దగ్గరుంది కదా. రేపు పిల్లని తీసుకురా."

"అలాగేనండీ."

ఆమె ఇంటికి వెళ్ళింది. జరగబోయేది ఆమెకు పూర్తిగా తెలుసు, అందులో సందేహం లేదు. పిల్ల ప్రాణం పోతుందని తెలుసు. అత్తగారితో చెబితే ఆవిడ వీధి వీధంతా లేపి ఆ గదికి తాళం వేయిస్తుందనీ తెలుసు. నోరు ఆమెదే, మాటా ఆమెదే. కానీ చెప్పాలని అనిపించలేదు... అనిపించడం అనేదే ఎప్పుడో ఇచ్చేసింది! దగ్గర కూర్చుని పిల్లకి జుట్టు దువ్వింది, రెండు జడలు వేసింది. పాపిడి వంకర పోయింది. అత్తగారు "వేలికేమైందే?" అంటే "తెగింది," అంది. అంతటితో ఆ పూట మాటలు అయిపోయాయి. దేవుడా, ఇంతకంటే ఘోరం ఇంకేముంటుంది?

మర్నాడు!... ఆకాశం మరింత కిందికి దిగింది. మేఘాలు కుతకుత ఉడుకుతున్నాయి, చుక్క రాలటం లేదు. స్తంభం మీది గుడ్లగూబ ఇవాళ టైర్ల కొట్టు పిట్టగోడ మీద ఉంది. మధ్యాహ్నం బడికి తీసుకెళ్తున్నట్టే పిల్ల చెయ్యి పట్టుకుని అద్దాలమ్మ మెట్లెక్కింది. "ఇది మా బడి కాదు కదమ్మా?" అంది పిచ్చుక. అమ్మ మెట్లెక్కుతూనే ఉంది.

గది తలుపులు వాటంతటవే మూసుకున్నాయి! నేల మీద ఎర్రటి ముగ్గు, నడుమ దీపం, దీపం వెనక గాజుపెట్టె, పెట్టెలో కపాలం. గోడవారగా పోస్టుమాస్టరు, తెరిచిన కళ్ళతో. మాస్టారి ఇస్త్రీ చొక్కా ఇవాళ లేదు. ఒంటినిండా బూడిద, కళ్ళు రెండు నెత్తుటి గడ్డలు. పిచ్చుక కెవ్వున అరిచి తల్లి చీరలో దాక్కుంది. తల్లి చేతులు ఆ పిల్లని బయటికి లాగి ముగ్గు నడుమ నిలబెట్టాయి. చేతులు ఆమెవి కావు కదా!

"హ్రీం!... క్రీం!... ఫట్!..." దీపం నిలువెత్తు లేచింది. "చెప్పు! ఈ చెయ్యి ఎవరిది?"

"మనది."

"ఈ కళ్ళు?"

"మనవి."

ఉరుము! మెరుపు! గదంతా ఊగింది! వాడు రెండు చేతులూ చాచి, గొంతు నరాలు తేలేలా గర్జించాడు. "ఈ పాప ఎవరిది!?"

అద్దాలమ్మ నోరు తెరిచింది. ఆ ప్రశ్న ఆమెకు కొత్త కాదు. బడి గేటు దగ్గర, డాక్టరు గది ముందు, బస్సులో పక్క సీటావిడ, కొట్లో బిళ్ళలు చేతిలో పెట్టే ముసలాయన, ఎంతోమంది ఎన్నోసార్లు అడిగిందే. ఎవరమ్మాయండీ, ఎంత ముద్దుగా ఉందో! ఆమె ప్రతిసారీ ఒకటే చెప్పింది. ఇప్పుడూ అదే వచ్చింది. ప్రేమ పుట్టి కాదు, ధైర్యం వచ్చీ కాదు, అవి రెండూ ఆమె దగ్గర లేవు. నాలుకకి అలవాటైన మాట, అంతే.

"మా పాపండీ," అంది.

దీపం టపుక్కున సగానికి దిగిపోయింది. పిట్టగోడ మీద గుడ్లగూబ కూత మధ్యలో ఆగింది. "మా కాదు!" వాడు నేలని పిడికిలితో గుద్దాడు. "మన! మన పాప అను!"

"మా పాప," అంది మళ్ళీ. ఎందుకో ఈసారి ఆ మాట కొంచెం బరువుగా తగిలింది ఆమెకే.

"మా అంటే ఎవరెవరే, ముండా!"

అడిగాడు కాబట్టి చెప్పింది. "నేను, మా అత్తయ్య, మా ఆయన."

"చచ్చినవాడు కూడానా!?"

"ఆయన లేకుండా మా ఎలా అవుతుందండీ?"

"మరి నేను? నేనెక్కడున్నాను అందులో?"

"మీరు లేరు," అంది అద్దాలమ్మ. "మా అన్నాక వినేవాడు గడప బయటే."

చెప్పీ చెప్పగానే చూపుడు వేలు భగ్గుమంది! నిన్నటి కోత, నిన్న రావలసిన నొప్పి! ఆ వెనకే కాలిన చర్మం, మోచేతి మీద చిన్న చిన్న పళ్ళ గాట్లు, ఒకదాని వెనక ఒకటి దారి కనుక్కుని ఇంటికొస్తున్నాయి. వాడు వికృతంగా అరిచాడు. ఆ నోటితో అనిపించలేకపోతే ఆ నోట్లోకే దూరి తానే అంటాడు! కూర్చున్న దేహాన్ని కూర్చున్నట్టే వదిలేసి, నల్లటి పొగై లేచి, ఆమె ముక్కుపుటాల్లోంచి శ్వాసతో పాటు లోపలికి జొరబడ్డాడు!

అద్దాలమ్మ ఒళ్ళు విల్లులా వంగింది. జుట్టు విడిపోయింది. కనుగుడ్లు పైకి తేలిపోయాయి. గొంతులోంచి మగగొంతు బొంగురుగా నవ్వింది. ఆమె చేతులు పిల్ల భుజాల్ని ఉడుంపట్టు పట్టాయి. "అమ్మా! అమ్మా నొప్పి!" పిచ్చుక కేకలు గది కప్పుని తాకుతున్నాయి. పెదవులు దగ్గరికొచ్చాయి... మూసుకున్నాయి... "మ్..."

మా అన్నా మన అన్నా మొదలయ్యేది అక్కడే. ఆ ఒక్క హల్లు మీద ఒక పిల్ల ప్రాణం వేలాడుతోంది! వాడు లోపలినుంచి తోస్తున్నాడు. ఆమె ఎదురు తోస్తే వాడి బలం రెట్టింపవుతోంది. తోసే చేతులు వాడివే, పెనుగులాడే ఒళ్ళూ వాడిదే. ఆమెకి మిగిలినది ఏమీ లేదు... ఏమీ లేదు!

తోలకు. పిలవకు. ఊరికే చూడు.

ఎప్పటిదో మొదటి పాఠం. ఎర అనుకుని వాడే విసిరిన నిజం! అద్దాలమ్మ తోయటం మానేసింది. శ్వాస వస్తోంది, చూసింది. శ్వాసలో వాడున్నాడు, వాణ్ణీ చూసింది. లారీని చూసినట్టే, ఊడిన బొత్తాన్ని చూసినట్టే. కోపం, ఆకలి, చావంటే ప్రాణం తోడేసే బెదురు... అబ్బ, ఎంత బెదురో వాడికి! ఇంతేనా వీడు? ఒక ఆలోచన, వచ్చింది. అంతకుమించి ఏమీ కాదు.

"చూడకు!" మగగొంతు ఆమె గొంతులోనే కీచుమంది. "చూడొద్దు! ఆ కళ్ళు నావి! నాకిచ్చేశావు!"

కళ్ళు ఇచ్చేసింది నిజమే. మరి చూస్తున్నదెవరు? చెయ్యి, కాలు, కన్ను, నవ్వు, భయం అన్నీ అడిగి తీసుకున్నవాడు, వాటన్నిటినీ చూస్తూ ఉన్నదాన్ని అడగలేదు. అడగటానికి అది వాడికి ఎన్నడూ కనపడలేదు! అది నాదీ కాదు, మనదీ కాదు. నిశ్చలం, నిరామయం, నిర్వికారం! ఆ చూపులో వాడు ఎండకి పెట్టిన మంచుగడ్డ అయ్యాడు. కరిగాడు, పలచబడ్డాడు. "గురువా! రక్షించు!..." అని బావురుమన్నాడు.

గాజుపెట్టె కొస నుంచి కొసకి నెర్రె విచ్చింది. పుర్రె కళ్ళగుంటల్లో ఇంతకాలంగా నిండిన చీకటి తొలగిపోయి తెల్లటి వెలుగు నిలిచింది. ముసలి గొంతు ఒకటి, ఏ ద్వేషమూ లేకుండా పలికింది. "రెండో పాఠం అదేరా. చూసేది ఎవరో చూడు. నీకది చెప్పే లోపలే తొందరపడ్డావు."

ఫెళ్!... పిడుగు కప్పు మీదే పడ్డట్టయింది! గాజు వేయి ముక్కలై చిమ్మింది. వాడి ఆఖరి ఆర్తనాదం ఆమె నిశ్వాసంతో బయటికొచ్చి, దీపం పొగలో కలిసి, కిటికీ సందుల్లోంచి చెదిరిపోయింది. పుర్రె పిడికెడు బూడిదై రాలింది. మూసుకున్న పెదవులు అప్పుడు విడివడ్డాయి.

"...మా పాప," అంది అద్దాలమ్మ, తన గొంతుతో. పట్టు సడలిన చేతులు పిల్లని గుండెకి హత్తుకున్నాయి.

ముగ్గు అవతల ధ్యానం మాస్టారి దేహం కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. ఊపిరి లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒక ఈగ వచ్చి కంటిపాప మీద వాలి, తీరిగ్గా ఆ చివరికి నడిచింది. గోడవారన పోస్టుమాస్టరు రెప్పలు టపటపలాడించాడు. "అబ్బబ్బా, నా కాలు! తిమ్మిరెక్కి చచ్చింది! ఎవరైనా కాస్త లేవదీయండర్రా," అని మూలిగాడు.

బయట వాన కుండపోతగా మొదలైంది. తడిసి ముద్దై ఇంటికొచ్చిన తల్లీపిల్లల్ని చూసి అత్తగారు గుండెలు బాదుకుంటూ ఎదురొచ్చింది. కట్టు ఊడిన వేలి నుంచి కారిన నెత్తురు పిల్ల గౌనంతా అంటుకుంది. "ఇదెక్కడి నెత్తురే! ఎవరిదే? ఎవరికేమైంది?"

"నాదే అత్తయ్యా," అంది అద్దాలమ్మ. గడపలోనే కూలబడిపోయింది. "నొప్పి పుడుతోంది. బాగా నొప్పి పుడుతోంది." గోడ మీద తను అద్దం బిగించిన ఫోటో కనపడింది. ఊడిన బొత్తం కనపడింది. నిరుటినుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. వీధి చివరిదాకా వినపడేంత పెద్దగా ఏడ్చింది.

అత్తగారు ఈసారి తిట్టలేదు. కోడలి తల ఒళ్ళోకి తీసుకుని, కొంగుతో ఆ వేలు అదిమి పట్టుకుని, తనూ ఏడ్చింది. పిచ్చుక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. అనుమానం తీరక, అమ్మ మోచెయ్యి మళ్ళీ ఒకసారి కొరికింది.

"అబ్బా!" అంది అమ్మ.

"నానమ్మా, వచ్చేసింది," అంది పిచ్చుక.